మాస్టారి గిటారు

నిన్న రాత్రి గిటారు తీగలు మార్చాను. కొన్ని వందల సార్లు చేసిన పనే. కాకపోతే ఇది నా గిటారు కాదు, మా మాస్టారిది. ఆయన పోయాక అమ్మ, అంటే మాస్టారి భార్య, తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. పొట్ట బోలుగా, పైపలక వంపు తిరిగి, వయొలిన్‌కి ఉన్నట్టు రెండు పక్కలా ఎఫ్ ఆకారంలో రంధ్రాలుండే ఆర్చ్‌టాప్ గిటారు. దీనికి ఆయన ఫ్లాట్‌వౌండ్ తీగలు తప్ప ఇంకోటి ఎక్కించేవారు కాదు. మామూలు తీగ మీద వేలు జరిపితే కీచుమంటుంది. ఈ తీగల చుట్టు చదునుగా ఉంటుంది కాబట్టి వేలు మెత్తగా జారిపోతుంది, చప్పుడే రాదు.

ఆరు తీగలూ ఒకేసారి తీసేయకూడదంటారు, తీగల్ని మోసే చెక్క ముక్క, బ్రిడ్జి, కదిలిపోతుందని. అందుకని ఒక్కో తీగే విప్పుతూ, కింద పేరుకున్న మురికిని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాను. అప్పుడు చూశాను. నాలుగో తీగ, మూడో తీగ ఉండే చోట, మూడో ఫ్రెట్ (మెడ మీది గడి) నుంచి ఏడో ఫ్రెట్ దాకా చెక్క పల్లం పడి ఉంది. వేలు పెడితే తెలుస్తోంది. ఆరో తీగ కింద మాత్రం చెక్క నిన్నగాక మొన్న కొన్నట్టుంది. ఎన్నో ఏళ్లుగా ఈ గిటారు నా దగ్గరే ఉన్నా ఆ తేడా నా కంట పడలేదు. కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇది రాయాలనిపించింది.

ఆయన దగ్గరికి నేను వెళ్లింది 1984లో. నాకప్పుడు పదిహేడేళ్లు. వేళ్లు బాగా తిరిగేవి. ఎవరు ఎక్కువ వేగంగా వాయిస్తే వాళ్లే గొప్ప అని గట్టిగా నమ్మే వయసు. వాయించమంటే నాకొచ్చిందంతా ఊపిరి తీసుకోకుండా వాయించేశాను. ఆయన చివరిదాకా విన్నారు. బాగుందనీ అనలేదు, లేదనీ అనలేదు. లోపలికి వెళ్లి, లయ కొట్టే మెట్రోనోమ్, కీ ఇచ్చి తిప్పే పాత చెక్కది, తెచ్చి బల్ల మీద పెట్టారు. ముల్లు మీది బరువుని అరవై దగ్గర ఉంచి వదిలారు. టక్... టక్... అని నెమ్మదిగా కొడుతోంది.

"ఇదేమిట్రా?" అన్నారు.

"బీటు మాస్టారూ."

"ఎన్నో బీటు?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు.

"ఇది రెండు. తర్వాత కొట్టేది నాలుగు. ఒకటీ మూడూ ఇది కొట్టదు. అవి నువ్వే పెట్టుకోవాలి. కానీ."

చిన్న విషయమే అనిపిస్తుంది. నాలుగు బార్లు (నాలుగు బీట్లు కలిస్తే ఒక బార్) దాటేలోపే నా కాలు ఆ టక్కుతో పాటు ఒకటి, మూడు అని కొట్టడం మొదలుపెట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపారు. మళ్లీ మొదలు. మళ్లీ జారిపోయాను. జాజ్‌లో డ్రమ్ములు వాయించే మనిషి ఎడమకాలితో హై-హ్యాట్ తాళాలు రెండు కలిపి మూసేది సరిగ్గా ఆ రెండు, నాలుగుల మీదే. ఆ ఊగు అక్కణ్నుంచి వస్తుంది. అది ఒంట్లోకి ఎక్కనివాడు ఎన్ని స్వరాలు వాయించినా పాట నడవదని ఆయన నమ్మకం. మూడు వారాలు నా చేత ఇంకేమీ వాయించనివ్వలేదు. ఒకే ఒక్క కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు), ఆ టక్కు, నేను. నాలుగో వారంలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆ చప్పుడు నాతో పాటు వాయిస్తున్న ఇంకో మనిషిలా వినిపించింది. నా మొహం చూసి ఆయనకి తెలిసిపోయింది. అప్పుడు మొదటిసారి ఆయన నవ్వడం చూశాను.

మాస్టారికి గురువంటూ ఎవరూ లేరు. ఆయన జాజ్ నేర్చుకున్నది షార్ట్‌వేవ్ రేడియోలో. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానోవర్ అనే ఆయన 1955 నుంచి జాజ్ కార్యక్రమం నడిపేవాడు. ఇంగ్లిషు అంతంత మాత్రం వచ్చినవాళ్లకి కూడా అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి, నిదానంగా, బరువైన గొంతుతో చెప్పేవాడట. మాస్టారు ఆ గొంతుని భలే అనుకరించేవారు. రాత్రి అందరూ పడుకున్నాక దుప్పటిలో రేడియో పెట్టుకుని, ఒడిలో గిటారు పెట్టుకుని వినేవారట. షార్ట్‌వేవ్ సంగతి తెలిసిందే కదా, అలలాగా వస్తుంది, పోతుంది. మంచి సోలో సగంలో ఉండగా గరగరమని మాయమైపోయేది. మళ్లీ వచ్చేసరికి పాట ఇంకెక్కడో ఉండేది. ఆ మధ్యలో ఏం వాయించి ఉంటాడో ఆలోచించుకుని, ఆ ఖాళీని తనే నింపుకునేవారు. "నా చదువంతా ఆ గరగరలోనే అయిందిరా" అనేవారు.

అలా నేర్చుకున్నది కూడు పెట్టే విద్య కాదని ఆయనకి తొందరలోనే తెలిసొచ్చింది. స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద రాసిన స్వరాలు, చదవడం రాత్రింబవళ్లు సాధన చేశారు. ఒక రికార్డింగ్‌కి రావాల్సిన గిటారిస్టు జ్వరంతో పడుకుంటే, "ఫలానా కుర్రాడున్నాడు, కాగితం చూసి వాయిస్తాడట" అని ఎవరో చెప్పగా స్టూడియోలో అడుగుపెట్టారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకి పైగా ఆ గదుల్లోనే గడిచిపోయాయి.

ఆ పని ఎలా ఉంటుందో బయటివాళ్లకి పెద్దగా తెలియదు. లోపలికి వెళ్లేదాకా ఏం వాయించాలో తెలియదు. ఎవరు ఏం వాయించాలో అరేంజరు రాసిన కాగితం, సిరా ఆరకముందే, స్టాండు మీదకి వస్తుంది. ఒకసారి చూసుకోవడం, ఒక రిహార్సల్, ఎర్ర దీపం వెలగడం. ఆయన మొదలుపెట్టిన రోజుల్లో విడివిడిగా రికార్డు చేసే ట్రాకులు, తప్పు పోయిన చోట మాత్రమే మళ్లీ వాయించి అతికించే పంచింగులు లేవు. గాయకుడితో సహా అందరూ ఒకే గదిలో, ఒకేసారి. చివరి బార్‌లో ఒకరి వేలు జారినా అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాలి. "నా వల్ల టేక్ పోకూడదు" అనే భయం ఆయనకి ఆఖరి రోజుదాకా పోలేదు. ఆ భయమే తనని కాపాడిందనేవారు.

ఆయన సంచీలో ఉండే వస్తువులు ఇప్పటికీ వరసగా చెప్పగలను. 'ఏ' (A) స్వరాన్ని 440 హెర్ట్జ్‌లో పలికే ట్యూనింగ్ ఫోర్క్, శ్రుతి పెంచడానికి మెడకి బిగించే కాపో, రెండు సెట్ల తీగలు, మీటడానికి నాలుగైదు మందాల పిక్కులు, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, బ్రిడ్జి దగ్గర తీగల కింద దూర్చడానికి చిన్న స్పాంజి ముక్క. పెన్ను ఉండేది కాదు, ఎందుకంటే కండక్టరు ఏ నిమిషమైనా మార్చమంటాడు. స్టూడియోలోకి వెళ్లగానే వాచీ తీసి సంచీలో వేసేవారు. మెత్తటి నూలు చొక్కాలే వేసుకునేవారు, అదీ గుండీలు గిటారు వీపుకి తగలకుండా చూసుకుని. కూర్చోబోయే ముందు కుర్చీని అటూ ఇటూ ఊపి, కిర్రుమంటే మార్పించుకునేవారు. మైకుకి ఇవన్నీ వినపడతాయి. మొదట్లో నాకు చాదస్తంలా అనిపించేది. తర్వాత తెలిసింది.

ఎలా తెలిసిందో చెప్పి తీరాలి. నేను నేర్చుకోవడం మొదలుపెట్టిన నాలుగో ఏడు, ఒక రికార్డింగ్‌కి రెండో గిటారుగా నన్ను వెంట తీసుకెళ్లారు. రాత్రంతా నిద్రలేదు. టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. రిహార్సల్ బాగానే అయింది. టేక్ మొదలైంది, ఆగింది. మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. మూడోసారి ఇంజినీరు స్పీకరులో "గిటారు వైపు ఏదో దబ్ దబ్ అని వస్తోంది" అన్నాడు. నలభై మంది తలలు మా వైపు తిరిగాయి. దబ్ దబ్ అన్నది నా బూటు. లయ తప్పకూడదని కాలు నేలకేసి కొడుతున్నాను, నాకే తెలియకుండా. నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మాస్టారు ఒక్క మాటా అనలేదు. వంగి నా రెండు బూట్లూ తనే విప్పేసి కుర్చీ కిందకి నెట్టారు. అంత మంది ముందు, అంత పెద్దాయన, నా కాళ్ల దగ్గర వంగారు. అది తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ రోజే ఇంకోటి కూడా జరిగింది. బూట్లు విప్పాక టేక్ సాఫీగా సాగింది గానీ కండక్టరు ఆగి, "గాత్రం దగ్గర గిటారు కొంచెం ఎక్కువైంది" అన్నాడు. ఉత్సాహం కొద్దీ గాయని ఊపిరి తీసుకునే ప్రతి చోటా నేనొక చిన్న ముక్క పెట్టి, మరిచిపోకుండా కాగితం మీద రాసుకున్నాను. మాస్టారు నా స్టాండు తన వైపు తిప్పుకున్నారు. పెన్సిలు తీస్తారనుకున్నాను, రబ్బరు తీశారు. ఒకటొకటిగా చెరిపేసుకుంటూ వెళ్లారు. చివర్లో ఒకే ఒక్కటి ఉంచారు, రెండో చరణం అయ్యాక వచ్చేది. "అక్కడ ఆవిడ నిజంగానే ఎదురు చూస్తోంది" అన్నారు. పాట బయటికొచ్చాక ఎంతమంది విన్నారో తెలియదు. ఆ ఒక్క ముక్కా ఇప్పుడు విన్నా, అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండకూడదనిపిస్తుంది.

మాస్టారికి ప్రాణం బార్నీ కెసెల్ అనే అమెరికా జాజ్ గిటారిస్టు. ఓక్లహోమా రాష్ట్రంలోని మస్కోగీలో 1923లో పుట్టాడు. పేపర్లమ్మి కూడబెట్టిన డబ్బుతో పన్నెండేళ్లకి గిటారు కొనుక్కున్నాడు. 1940లో, పదహారేళ్లప్పుడు, చార్లీ క్రిస్టియన్‌తో కలిసి వాయించే అదృష్టం పట్టింది. ఎలక్ట్రిక్ గిటారుని ట్రంపెట్, శాక్సొఫోన్‌ల సరసన నిలబెట్టినవాడు చార్లీ క్రిస్టియన్. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, 1942లో క్షయతో పోయాడు. ఇరవై అయిదేళ్లే బతికాడు. వెలుగులో ఉన్నది మూడేళ్లు కూడా లేదు, ఆ తర్వాత వచ్చిన జాజ్ గిటారిస్టులంతా ఆయన వాకిట్లోంచి నడిచి వచ్చినవాళ్లే. ఇది చెప్పేటప్పుడు మాస్టారి గొంతు మారిపోయేది, సొంత అన్నని పోగొట్టుకున్న మనిషిలా.

కెసెల్ జీవితంలో మాస్టారికి తన జీవితమే కనపడేదని నా అనుమానం. 1947లో శాక్సొఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్‌తో రికార్డు చేసినవాడు, 1952, 53ల్లో పియానో వాయించే ఆస్కార్ పీటర్సన్ ట్రియోలో (ముగ్గురి బృందంలో) తిరిగినవాడు. అలాంటివాడు లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో పగలంతా సినిమాలకీ, టీవీకీ, పాప్ పాటలకీ వాయించాడు. 1966లో బీచ్ బాయ్స్ అనే పాప్ బృందం వాళ్ల 'పెట్ సౌండ్స్' రికార్డింగులకి పిలిచిన స్టూడియో వాద్యకారుల్లో ఆయనా ఉన్నాడు. ఆ రికార్డు కొన్న పిల్లల్లో ఎంతమందికి తెలుసు, ఆ తీగల వెనక పార్కర్‌తో వాయించిన వేళ్లున్నాయని?

ఒకసారి జూలీ లండన్ అనే గాయని 1955లో పాడిన 'క్రై మీ ఎ రివర్' వినిపించారు. గొంతు కాక అందులో ఉన్నవి రెండే: కెసెల్ గిటారు, కింది స్వరాలు మోగించే బాస్ (అది రే లెదర్‌వుడ్ వాయించాడు). పాట అయిపోగానే రికార్డు మీది ముల్లెత్తేసి, "ఇప్పుడు పాడు" అన్నారు. నేను ట్యూన్ అందుకోబోయాను. "ఆవిడ పాడింది కాదు. గిటారు పాడింది" అన్నారు. నోరు తెరిచాను, ఒక్క స్వరం రాలేదు. మూడు నిమిషాలు పక్కనే కూర్చుని విన్నాను, నేర్చుకుంటున్నదేమో గిటారు, ఆ గిటారే నా చెవికి ఎక్కలేదు. మళ్లీ పెట్టారు. ఈసారి విన్నాను. ఆవిడ మాట ముగిసే చోట ఒక కార్డు వచ్చి కూర్చుంటుంది, ఆవిడ మళ్లీ మొదలుపెట్టేసరికి తప్పుకుంటుంది. ఆవిడ గొంతులో ఉన్న గాలి కూడా స్పష్టంగా వినపడుతుంది. ఆ చోటు ఇచ్చింది ఆయన. పది పన్నెండుసార్లు విన్నాక గాని ఆ గిటారు పాడటం నాకు రాలేదు.

ఇక్కడే ఆయన పాఠంలో అసలు ముక్క చెప్పాలి. గిటారు నేర్చుకునేవాళ్లంతా ఆరు తీగలూ పట్టి కార్డు మీటడం నేర్చుకుంటారు. మాస్టారు రెండే పట్టమనేవారు. డీ మైనర్ సెవెంత్ వచ్చిందనుకోండి, నాలుగో తీగ మూడో ఫ్రెట్ మీద ఎఫ్, మూడో తీగ అయిదో ఫ్రెట్ మీద సీ. అంతే. దాని తర్వాత జీ సెవెంత్ రావాలి. ఎఫ్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, సీ ఒక్క ఫ్రెట్ వెనక్కి జరిగి బీ అవుతుంది. ఆ తర్వాత సీ మేజర్ సెవెంత్. ఇప్పుడు బీ కదలదు, ఎఫ్ ఒక్క ఫ్రెట్ వెనక్కి వచ్చి 'ఈ' (E) అవుతుంది. మూడు కార్డులు మారిపోయాయి, కదిలింది ప్రతిసారీ ఒక్క వేలు, ఒక్క గడి. మొదటిసారి ఇది నా చేతి కింద జరిగినప్పుడు ఒళ్లు జలదరించింది. తాళం చెవి తిరిగినట్టుంటుంది.

"మరి డీ, జీ, సీ ఏవి మాస్టారూ? కార్డు పేరులో ఉన్న స్వరాలే లేవు కదా?" అని అడిగాను.

"అవి బాస్ వాయించేవాడివి. ఆయన వాయిస్తాడు. నువ్వు కూడా అదే వాయిస్తే ఆయన్ని తోసేసినట్టు. మనవి ఈ రెండే."

కౌంట్ బేసీ బృందంలో ఫ్రెడ్డీ గ్రీన్ అనే గిటారిస్టు ఉండేవాడు. 1937లో చేరి, 1987లో పోయేదాకా అందులోనే ఉన్నాడు. యాభై ఏళ్లలో సోలో అంటూ వాయించినది లేదన్నా తప్పులేదు. యాంప్లిఫయర్ లేకుండా, బార్‌కి నాలుగు స్ట్రోకులు, ఒక్కోసారి ఒకే తీగ గట్టిగా పలికేలా. వినపడదు, లేకపోతే మాత్రం తెలుస్తుంది. ఆయన పోయాడని తెలిసిన రోజు మాస్టారు నాకు పాఠం చెప్పలేదు. ఇద్దరం మెట్రోనోమ్ పెట్టుకుని గంటసేపు నాలుగు స్ట్రోకులు వాయించాం.

టామీ టెడెస్కో సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆయన చిన్నపిల్లాడైపోయేవారు. 1930లో పుట్టి 1997లో పోయిన టెడెస్కో కూడా లాస్ ఏంజెలెస్ స్టూడియో గిటారిస్టే. గిటార్ ప్లేయర్ పత్రికలో తన రికార్డింగుల గురించి శీర్షిక రాసేవాడు. ఎవరో తెచ్చిచ్చిన ఆ పాత సంచికలు మాస్టారి దగ్గర మడతలు చిరిగిపోయి ఉండేవి. గిటారే కాకుండా మాండొలిన్, బాంజో, బుజూకీ లాంటివి ఏవి పట్టుకురమ్మన్నా టెడెస్కో పట్టుకెళ్లేవాడు. కిటుకు ఏమిటంటే, వాటి తీగలన్నిటినీ గిటారు శ్రుతికి మార్చేసుకునేవాడు. వాయించేది అదే చెయ్యి, పలికేది వేరే వాద్యం. ఇది చదివాక మాస్టారు ఒక మాండొలిన్ సంపాదించి, పై తీగలని గిటారులాగే శ్రుతి చేసుకుని, ఏళ్ల తరబడి దాంతో పని చేసుకొచ్చారు. అసలు మాండొలిన్ విద్వాంసుడు పక్కనుంటే మాత్రం దాన్ని సంచీలోంచి తీసేవారు కాదు. అది ఆయన మర్యాద.

డబ్బు కోసం, పరిచయాల కోసం, అనుభవం కోసం, సంతోషం కోసం, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటేనే పనికి ఒప్పుకోవాలని టెడెస్కో చెప్పేవాడట. ఫోన్ రాగానే మాస్టారు ఈ నాలుగూ వేళ్ల మీద లెక్కపెట్టేవారు. చాలాసార్లు మొదటి వేలి దగ్గరే ఆగిపోయేవారు. నలుగురు పిల్లల తండ్రి మరి.

పేరు పడలేదని ఆయనకి బాధ లేదని చెప్పను. ఉండేది. రికార్డు అట్ట వెనక గాయకుల పేర్లుంటాయి, రాసినవాళ్ల పేరుంటుంది, గిటారిస్టు పేరు ఉండేది కాదు. ఒక పాట మొదట్లో వచ్చే ముక్క ఆయన అప్పటికప్పుడు కట్టినది. కాగితం మీద నాలుగు బార్లు ఖాళీగా వదిలి "గిటారు" అని రాసి ఉంటే, అక్కడ ఆయన రెండు బార్లు వాయించి, మూడో బార్ మొదట్లో ఒక బీటు మౌనంగా వదిలి, తర్వాత అందుకున్నారు. పాటకన్నా ఆ ముక్కే జనం నోట్లో ఎక్కువ తిరిగింది. దాని గురించి ఎవరైనా అడిగితే "అలా కుదిరింది" అని ఊరుకునేవారు.

ఒకసారి ఏదో సభలో ఆర్కెస్ట్రా ఆ పాట ఎత్తుకుంది. ఇద్దరం వెనక వరసలో ఉన్నాం. గిటారు కుర్రాడు మొదటి రెండు బార్లూ చక్కగా వాయించాడు. మూడో బార్ దగ్గర ఆ మౌనాన్ని నాలుగు స్వరాలతో నింపేశాడు. మాస్టారి చెయ్యి నా మోకాలి మీద బిగుసుకుంది. కార్యక్రమం అయ్యాక వద్దంటున్నా స్టేజి వెనక్కి వెళ్లారు.

"చాలా బాగా వాయించావు బాబూ. మూడో బార్‌లో ఒక బీటు ఆగాలి, అంతే" అన్నారు.

ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. "లేదు సార్, ఒరిజినల్‌లో ఇలాగే ఉంటుంది. నేను చాలాసార్లు విన్నాను."

ఎవరితో మాట్లాడుతున్నాడో చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. మాస్టారు నా చెయ్యి నొక్కారు. "అలాగా, మరోసారి విను నాన్నా" అని అతని భుజం తట్టి వచ్చేశారు. దారంతా మాట్లాడలేదు. ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "పేరు వెయ్యకపోతే పోనీరా. ఆ ఒక్క బీటూ పూడ్చేస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది" అన్నారు. అప్పుడు ఆయన కళ్లల్లోకి చూడలేకపోయాను.

రోజులు మారాయి. నిజానికి మారడం ఎప్పుడో మొదలైంది. లెస్ పాల్ అనే గిటారిస్టు ఎనిమిది గిటార్లూ తనే వాయించి అతికించిన రికార్డు 1948లోనే వచ్చింది. ఆ తర్వాత ట్రాకులు పెరిగాయి, వాద్యకారులు విడివిడిగా వచ్చి హెడ్‌ఫోన్లో క్లిక్కు వింటూ వాయించి వెళ్లిపోవడం వచ్చింది. 1983లో మిడి వచ్చింది, ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ మిషన్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది. వాద్యాల ధ్వనులు దాచుకుని మీట నొక్కితే పలికించే శాంప్లర్లో గిటారు కూడా దొరికింది. మాస్టారింట్లో ఫోను మోగడం తగ్గింది. మొదట వారానికి రెండు, తర్వాత నెలకి ఒకటి. ఫోను పాడైందేమోనని ఆయన రిసీవరు ఎత్తి చూసుకోవడం నేను చూశాను. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

కానీ ఆయన బాగా వాయించిన రోజులు కూడా అవే. పనిలేని సాయంత్రాలు ఒక బాసు, ఒక డ్రమ్ములతో ముగ్గురూ కలిసేవారు. పియానో లేదు. 1957లో కెసెల్, రే బ్రౌన్, షెల్లీ మ్యాన్ కలిసి పోల్ విన్నర్స్ పేరుతో చేసిన రికార్డు ధైర్యంతో. వినేవాళ్లు పది మంది ఉంటే ఎక్కువ. ముప్ఫై ఏళ్లు ఇంకొకరి కాగితం చూసి వాయించిన మనిషి, కళ్లు మూసుకుని, కాగితం లేకుండా, కోరస్ మీద కోరస్ (పాట ఒక చుట్టు తిరిగితే ఒక కోరస్) వాయిస్తుంటే ఆ కాసేపూ వయసు దిగిపోయేది. ఒక రాత్రి సోలో మధ్యలో ఉన్నట్టుండి ఆపేశారు. మిగతా ఇద్దరూ సాగిస్తున్నారు. ఎనిమిది బార్లు అలాగే వింటూ నవ్వుతూ కూర్చున్నారు. తొమ్మిదో బార్‌లో వదిలేసిన స్వరం దగ్గరే అందుకున్నారు. తర్వాత అడిగితే, "డ్రమ్ములవాడు ఎంత బాగున్నాడో విన్నావా?" అన్నారు.

1999లో పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది. కెసెల్‌కి కూడా 1992లో అదే వచ్చి వాయించడం ఆగిపోయింది. ఆ సంగతి ఆయనకి తెలుసు, నేనే చదివి వినిపించాను. మొదటి నెలల్లో ఎవరినీ గిటారు పెట్టె తెరవనివ్వలేదు. జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టు పేరు మాత్రం మాటిమాటికీ తెచ్చేవారు. 1928లో బండికి నిప్పంటుకుని ఎడమ చేతి రెండు వేళ్లు దెబ్బతింటే, మిగిలిన రెండింటితోనే అంతవాడయ్యాడు కదా. "నాకు ఒక్కటి తిరిగినా చాలురా" అనేవారు. రోజూ మెత్తటి బంతి నొక్కేవారు. ఆ ఒక్కటీ తిరగలేదు.

ఒకరోజు నేను వెళ్లేసరికి అమ్మ గుమ్మం దగ్గరే, "బాబూ, ఇవాళ పెట్టె తియ్యమన్నారు" అంది. మంచం మీద కూర్చోబెట్టి గిటారు ఒడిలో పెట్టాను. కుడిచేతిలో పిక్కు సరిగ్గా పట్టుకున్నారు. ఆ చెయ్యికి ఏమీ కాలేదు, అప్పటిదాకా మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. "నువ్వు ఇటు రా" అని ఎడమవైపు కూర్చోబెట్టుకున్నారు. నేను కొంచెం వెనక్కి జరిగి, నా ఎడమచెయ్యి చాపి గిటారు మెడ పట్టుకున్నాను. ఆయన చెయ్యి మీటుతుంది, నా వేళ్లు కార్డులు పడతాయి. మెట్రోనోమ్ అమ్మ తెచ్చి పెట్టింది. రెండు, నాలుగు.

మొదటి రెండు మూడు బార్లు కలవలేదు. తర్వాత కలిశాయి. ఆయన స్ట్రోకు అలాగే ఉంది, పొట్టిగా, మెత్తగా, నాలుగూ సమానంగా. నా చెంప ఆయన భుజానికి ఆనుకుని ఉంది. గిటారు పొట్టలోంచి వస్తున్న అదురు ఆయన ఎముకల్లోంచి నాకు తెలుస్తోంది. ఇంత చిన్న చప్పుడు చాలదేమో, ఆయనకి ఇంకా నిండుగా వినిపిద్దామనిపించింది. జీ సెవెంత్ దగ్గర మధ్యవేలితో ఆరో తీగ మూడో ఫ్రెట్ కూడా పట్టాను. లావుగా, గదంతా నిండేలా జీ మోగింది.

ఆయన చెయ్యి ఆగలేదు. కళ్లు తెరవలేదు.

"మధ్యవేలు ఎత్తు. అది బాస్ వాయించేవాడిది."

ఎత్తాను.